దాని పాట, నా కారం

నా చేత్తో దానికి శాలువా కప్పాలట!

ఫోను పెట్టేశాక చాలాసేపు ఆ మాటే నములుతూ కూర్చున్నాను. మా ఊరి నాటకాల హాలుకి కొత్త పైకప్పు వేశారట. ఆ సందర్భంగా, ఒకప్పుడు ఆ హాలుని ఊరికి దక్కించిన గాయనికి సన్మానం చేస్తారట. హాలు సంఘంలో మొదటి వాటాదారుల్లో మిగిలింది నేనొక్కదాన్నేనట. కాబట్టి శాలువా నేనే కప్పాలట. ఫోన్ చేసిన కుర్రాడు ఎంత మర్యాదగా అడిగాడో! "పెద్దవారు, మీ చేతుల మీదుగా అయితే నిండుగా ఉంటుందండీ" అన్నాడు. సరే నాయనా అన్నాను. ఇంకేమంటాను?

మోకాళ్ళు అరిగిపోయాయి. కళ్ళల్లో శుక్లాలు తీయించుకున్నాను. పళ్ళు సగం కట్టించుకున్నవే. కుళ్ళు మాత్రం చెక్కు చెదరలేదు. పదకొండేళ్ళప్పుడు ఎలా ఉందో ఇప్పుడూ అలాగే ఉంది. దాని పేరు వినగానే మళ్ళీ భగ్గుమంది.

మాది చీరాలకి దగ్గర్లో ఒక నేతపేట. పొద్దున్నే లేచి గుమ్మంలోకి వస్తే వీధి పొడుగునా పడుగులు పరిచి ఉండేవి. ఆడా మగా అటూ ఇటూ నిలబడి నూలుకి గంజి పెట్టి కుంచెలతో దువ్వుతుండేవాళ్ళు. ఎండ ముదిరి దారం ఆరేదాకా మా వీధిలో బండి తిరగడానికి లేదు. పులిసిన గంజి వాసన బయటివాళ్ళకి కడుపులో తిప్పేది. మాకు అది వస్తేనే తెల్లారినట్టు.

వీధి చివర రేకుల హాలు. నాటకాల పిచ్చి ఉన్న ఒక షావుకారు ఎప్పుడో కట్టించాడు. ఆయన ఉన్నన్నాళ్ళూ తలుపులు బార్లా తీసే ఉండేవి. పగలంతా మగ్గం గుంటలో కాళ్ళు ఆడించినవాళ్ళు పొద్దుగూకే వేళకి అక్కడికి చేరేవాళ్ళు. ఒకడు తబలా, ఒకడు తాళాలు, మా నాన్న హార్మోనియం. లోపల గబ్బిలాల కంపు, వేషాలకు పూసుకునే అర్దళం కంపు, కొబ్బరినూనె వాసన. చెక్కల వేదిక కింద పిల్లలం దూరి దాగుడుమూతలు ఆడేవాళ్ళం. చెక్కల సందుల్లోంచి పైకి చూస్తే రాజుగారి కాలి పగుళ్ళు కనిపించేవి.

హార్మోనియం తుడిచే పని నాది. పాత పట్టుగుడ్డ పీలికతో ఒక్కో మెట్టూ తుడవాలి. తెల్లమెట్లు ముందు, నల్లమెట్లు తర్వాత. నాన్న పక్కన కూర్చుని చూస్తూ "ఆఁ, ఆ మూల" అనేవాడు. అంతే, ఇంకేం మాట్లాడేవాడు కాదు. ఆయన ఇంట్లోనూ ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. అందుకే ఆ కాసేపూ నాకు పండగలా ఉండేది.

ఒకసారి ఏడాదికి సరిపడా మిరపకాయలు కొందామని నాన్న పడమటి పొలాల వైపు వెళ్ళాడు. అక్కడ కల్లంలో ఎర్రగా ఆరబోసిన కాయల మధ్య కూర్చుని, రంగు పోయిన తాలుకాయలు ఏరుతూ ఒక పిల్ల పాడుతోందట. నాన్న కాయల సంగతి మర్చిపోయి ఆ పిల్లని వెంటబెట్టుకొచ్చాడు. నాయనమ్మ గుమ్మంలోనే నిలదీసింది.

"కాయలు తెమ్మంటే పిల్లని తెచ్చావేంట్రా?"

"పాడుతుందే అమ్మా. విను."

"వింటాలే. మన ఇంట్లో ఓ పిల్లుంది, అది కనపళ్ళేదా? పొరుగింటి పుల్లకూర రుచని ఊరికే అన్లేదు."

ఆ పిల్లది నా ఈడే. నూనె లేని జుట్టు, మోకాళ్ళ పైకి పోయిన పరికిణీ, వేళ్ళన్నీ ఎర్రగా. నేను దానికి అప్పుడే పేరు పెట్టేశాను, కొరివికారం అని. పండుమిరపకాయలతో నూరే పచ్చడి పేరది. పైకి అనలేదు. నాలో నేను మాత్రం రోజుకి పదిసార్లు అనుకునేదాన్ని. ఆనాటి నుంచి అది వాళ్ళ ఊరినుంచి రోజూ మా హాలుకి వచ్చి పోయేది.

ఆ ఏడు బళ్ళో పంతులుగారు ఒక నాటకం రాశారు. అడవిలో తప్పిపోయిన రాజుగారి కూతురు, తండ్రిని వెతుక్కుంటూ పాడుకుంటూ తిరుగుతుంది. ఆ వేషం నాదేనని నేను ఊరంతా చెప్పుకున్నాను. నాన్న ఇద్దరినీ కూర్చోబెట్టి పాడించాడు. నేను పాడాను. పై స్వరం దగ్గర గొంతు పిల్లి తోక తొక్కినట్టు అరిచింది. తర్వాత అది పాడింది. తబలా ఆయన వాయించడం మానేసి వినడం మొదలుపెట్టాడు.

"నీకు శ్రుతి నిలవట్లేదమ్మా" అన్నాడు నాన్న నాతో, అందరి ముందూ. తర్వాత దాని తల మీద చెయ్యి వేసి, "బంగారు తల్లీ" అన్నాడు.

నేను పుట్టి బుద్ధెరిగాక ఏనాడూ నన్ను బంగారు తల్లీ అనలేదాయన. మర్నాడు నేను హాలుకి వెళ్ళేసరికి అది కూర్చుని హార్మోనియం తుడుస్తోంది. నా పట్టుపీలికతోనే! నల్లమెట్లు ముందు తుడుస్తోంది. నాన్న పక్కనే ఉండి కూడా ఏమీ అనడం లేదు. అక్కడినుంచి నేరుగా ఇంటికొచ్చి, సద్దన్నంలో గోంగూర పచ్చడి కలుపుకుని, ఏడుస్తూ మూడు ముద్దలు ఎక్కువే తిన్నాను.

ఇంతలో షావుకారు గారు పోయారు. కొడుకు గుంటూరులో పత్తి వ్యాపారం. ఆయనకి నాటకాలతో పనేముంది? హాలుని పత్తిబేళ్ళ గోడౌనుకి అమ్మేస్తున్నాడని కబురొచ్చింది. ఆ సాయంత్రం హాల్లో ఎవరూ వాయించలేదు. మగవాళ్ళంతా గోడలకు ఆనుకుని కూర్చున్నారు. ఎప్పుడూ మాట్లాడని మా నాన్న లేచి నిలబడ్డాడు.

"నూలు కోసం సంఘం పెట్టుకున్నాం కదయ్యా. అప్పుడూ అందరూ నవ్వారు. ఇవాళ ఆ సంఘమే కూడు పెడతంది. హాలు కోసం ఇంకోటి పెట్టుకోలేమా? ఇంటికో వాటా. ఎంత ఉన్నోడికైనా ఒక్కటే వాటా."

"డబ్బులేవీ మన దగ్గర?" అన్నారెవరో.

"డబ్బెవడు అడిగాడు? చేతిలో ఏ పనుంటే అదివ్వండి. నేసేవాడు గుడ్డ, పండించేవాడు పంట. అమ్మి కడదాం."

అట్లా మొదలైంది. మా ఇంటి వాటాకి నాన్న నాలుగు పంచెలు నేశాడు. వాడరేవు నుంచి చేపలు తెచ్చే ఆవిడ ఓ తట్టెడు ఎండుచేపలు దించి, "నాకూ వాటా రాయండయ్యా, మీ రాజుగారి ఏడుపు నేనూ చూస్తన్నా కదా ఏళ్ళ తరబడి" అంది. ఒక పొగాకు కామందు వచ్చి పది వాటాలు తనకే ఇమ్మన్నాడు. నాన్న చేతులు జోడించి, "మీకూ ఒక్కటేనండీ, చేపలావిడకీ ఒక్కటే" అన్నాడు. ఆయన మొహం గంటుపెట్టుకుని వెళ్ళిపోయాడు గానీ, రెండ్రోజులకి ఆ ఒక్కటీ తీసుకున్నాడు.

మా పేట సరే. చుట్టుపక్కల రైతుల ఊళ్ళు ఒప్పుకోవాలిగా? "నాటకాలకి వాటాలేంటయ్యా, తిని అరక్కనా?" అని నవ్వేవాళ్ళు. అప్పుడు నాన్న దాన్ని ముందు పెట్టుకుని ఇంటింటికీ తిరగడం మొదలుపెట్టాడు. గుమ్మంలో నిలబడి అది ఆ అడవిపాట ఎత్తుకునేది. పేడ కలుపుతున్న ఆడవాళ్ళు అట్లాగే పేడచేతులతో బయటికి వచ్చేసేవాళ్ళు. పాటయ్యేసరికి ఎవరో ఒకరు లోపలికి వెళ్ళి చాటెడు మిరపకాయలు తెచ్చి పోసేవాళ్ళు. ఎందులో పోసేవాళ్ళు? నా గంపలో! అది ముందు పాడుతూ నడుస్తుంటే వెనక గంప మోసిందాన్ని నేను. "ఎంత బాగా పాడతందే పిల్ల! ఇది ఎవరు, పనిపిల్లా?" అని ఒకావిడ నన్ను చూపించి అడిగింది. నాన్న వినిపించుకోలేదు. విని ఊరుకున్నాడనే నేను చాలా ఏళ్ళు అనుకున్నాను.

దాని ఇంటికి మాత్రం పాటతో వెళ్ళలేదు. వాళ్ళ నాన్న ఒకే మాట అన్నాడట, "పిల్ల తైతక్కలకి బస్తా కాయ దండగ" అని. నాన్న మూడుసార్లు తిరిగి బతిమాలితే ఓ బస్తా బండి మీద వేసి పంపించాడు గానీ, కూతురి పాట వినడానికి ఒక్కనాడూ హాలు గడప తొక్కలేదు. అది నాకేమీ పట్టలేదు అప్పుడు.

వచ్చిన సరుకంతా ఎక్కడ పెట్టాలని పెద్ద తగువు. ఎవరింట్లో పెట్టినా ఇంకొకరికి అనుమానం. చివరికి హాల్లోనే, వేదిక కింద పెట్టించారు. మిరప బస్తాలు వరసగా పేర్చి, పక్కన పంచెల మూటలు. ఎండుచేపలు మాత్రం ఎవరూ వద్దన్నారు, అవి ముందే అమ్మేశారు.

షావుకారు కొడుక్కి నలుగురూ వెళ్ళి చెప్పుకున్నారు. "పంటలు అమ్ముడుపోయేదాకా ఆగండి, హాలు మాకే ఇవ్వండి" అని. ఆయన నవ్వి, "నాన్నగారి పేరు చెప్పి అడిగారు కాబట్టి ఆదివారం వస్తాను. ఆ నాటకమేదో చూసి సాయంత్రం రైలుకి పోతాను. బేరం మాత్రం దాదాపు అయిపోయినట్టే" అన్నాడట. అందుకని ఎన్నడూ లేనిది నాటకం మధ్యాహ్నం పెట్టారు.

ఆదివారం పొద్దున నాయనమ్మ దానికి తల దువ్వింది. మా నాయనమ్మ! నా పక్షాన ఉండే ఒకే ఒక్క మనిషి! దానికి మల్లెపూల జడ వేసి, "నీ పాట మీద ఉందే తల్లీ, ఈ పేట పరువు" అంది. నాన్న మంగళగిరి పట్టంచు పరికిణీ తెప్పించాడు దానికి. అది కట్టుకుని తిరుగుతూ నా దగ్గరికొచ్చి, "బాగుందా?" అని అడిగింది. ఒళ్ళు మండిపోయింది.

అందరూ అన్నాలు తింటున్నప్పుడు నేను హాలుకి వెళ్ళాను. వేదిక వెనక చిన్న తలుపు ఉంటుంది, తూర్పు వైపు. అందులోంచి కిందికి దూరాను. అది నిలబడి పాడే చోటు నాకు తెలుసు. ఆ చెక్కల కిందికి ఒక బస్తా లాగి, మూతి విప్పి, కాయలు పిడికిళ్ళతో తీసి గలగలా నలిపాను. బాగా ఎండిన కాయ, నలిపితే పొడి అవుతుంది. తుమ్ములొస్తే పరికిణీ అంచు నోట్లో కుక్కుకున్నాను. చెక్కల సందుల్లో, దూలాల మీద, అంతటా ఆ కారం చల్లాను. ముందు వేటగాళ్ళ చిందు ఉంటుంది, ఎనిమిది మంది ఎగిరి తొక్కుతారు. కారం లేస్తుంది. అది నోరు తెరవగానే గొంతు పట్టేస్తుంది. నా గొంతు ఎలా అరిచిందో అలా అరుస్తుంది అందరి ముందూ.

హాలు పోతుందని తెలియదా? తెలుసు. అది పాడలేకపోతే గోడౌనే. నాన్న మొహం ఎలా అవుతుందో కూడా తెలుసు. తెలిసే చేశాను. చిన్నపిల్లని, తెలియక చేశాను అని రాసుకోవచ్చు గానీ, ఎందుకు అబద్ధం?

నాటకం మొదలైంది. ముందు వరసలో కుర్చీలో షావుకారు కొడుకు, చేతికి గడియారం, మాటిమాటికీ చూసుకుంటున్నాడు. వేటగాళ్ళు వచ్చారు. ధనాధనా తొక్కారు. నేను గోడ పక్కన నిలబడ్డాను.

తానొకటి తలిస్తే దైవమొకటి తలుస్తుందంటారు. నేను బయటికి పాకి వచ్చేటప్పుడు వెనక తలుపు వేయడం మర్చిపోయాను. మధ్యాహ్నం దాటగానే సముద్రం వైపునుంచి గాలి తిరుగుతుంది మా ఊళ్ళో. అది తూర్పు తలుపులోంచి దూరి వేదిక కిందనుంచి సర్రున కొట్టింది. లేచిన కారమంతా వేదిక దాటి జనం మీదికి పోయింది. వేటగాళ్ళు దగ్గుతూనే లోపలికి పరిగెత్తారు. అప్పుడే అది వేదిక మీదికొచ్చింది.

దానికీ కారం తగిలింది, తగలకుండా ఎలా ఉంటుంది? ఒక్కసారి ముక్కు ఎగబీల్చింది. అంతే. పాట ఎత్తుకుంది. నాలుగేళ్ళ వయసునుంచి మిరప కల్లంలో తాలుకాయలు ఏరిన పిల్లకి కారం ఘాటు ఒక లెక్కా! నూలు దుమ్ములో పెరిగిన నేతోళ్ళ పిల్లని నేను, నాకు ఆ సంగతి ఎలా తడుతుంది? నాకు గొంతు పడితే అందరికీ పడుతుందనుకున్నాను.

హాలంతా కళ్ళనీళ్ళు. అది "నాన్నా" అని పిలుస్తూ పై స్వరానికి పోయింది. ముసలమ్మలు కొంగులు మొహాలకి అడ్డం పెట్టుకున్నారు. పొగాకు కామందు వలవలా ఏడుస్తున్నాడు. షావుకారు కొడుకు కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటున్నాడు, మళ్ళీ పెట్టుకుంటున్నాడు, మళ్ళీ తుడుచుకుంటున్నాడు. ఒకరిని చూసి ఒకరు ఇంకా ఏడ్చారు. కారానికి మొదలైన ఏడుపు పాటకి ఎక్కడ మారిందో నాకు తెలియదు గానీ, మారడం మాత్రం మారింది. నా కళ్ళూ కారాయి. నేను కూడా పాటకే ఏడ్చాను. దాని మీద కోపంతో చచ్చిపోతూ ఏడ్చాను.

హార్మోనియం దగ్గర నాన్న ఒక చేత్తో మెట్లు నొక్కుతూ, భుజానికి కళ్ళు తుడుచుకున్నాడు.

షావుకారు కొడుకు లేచి నిలబడ్డాడు. గొంతు బొంగురుపోయింది. "మా నాన్నగారు పోయినప్పుడు కూడా నేనింత ఏడవలేదండీ" అన్నాడు. "హాలు మీకే. పంట అమ్ముకుని నిదానంగా ఇవ్వండి." జనం దాన్ని భుజాల మీదికి ఎత్తుకున్నారు. నాటకం హడావిడిలో వీధిలోంచి తియ్యకుండా వదిలేసిన పడుగు ఒకటి తెగిపోయింది. నేసేవాళ్ళు తెగిన పడుగుని చూసి కూడా నవ్వడం నేను అదే మొదటిసారి చూశాను.

ఎవరికి చెప్పుకోను? ఆ కన్నీళ్ళలో సగం నావి! చెబితే తంతారు, చెప్పకపోతే ఊరంతా దాని పేరే.

ఇంటికొచ్చేసరికి నా చేతులు నిప్పుల్లో పెట్టినట్టు మండుతున్నాయి. నీళ్ళతో కడిగితే ఇంకా ఎక్కువైంది. దొడ్లో కుడితి తొట్టి పక్కన కూర్చుని చేతులు ఊదుకుంటున్నాను. అందరూ హాలు దగ్గర ఊరేగింపులో ఉన్నారు. నాన్న ఒక్కడే ఇంటికొచ్చాడు. నా చేతులు చూశాడు.

"నాయనమ్మకి కారం దంచిపెట్టా" అన్నాను.

"ఊఁ" అన్నాడు.

ఉట్టి మీద వెన్నగిన్నె దించి తెచ్చి, నా ముందు గొంతుక్కూర్చుని, రెండు అరచేతులకీ వెన్న రాశాడు. వేళ్ళ సందుల్లో కూడా రాశాడు. మంట తగ్గేదాకా ఊదుతూ కూర్చున్నాడు. బయట డప్పులు మోగుతున్నాయి, ఆయన్ని పిలుస్తున్నారు. లేచి వెళుతూ, "రేపు హార్మోనియం తుడవాలి, పెందలాడే లే" అన్నాడు.

తర్వాత సంఘం కాగితం వచ్చింది. మా ఇంటి వాటా నా పేరు మీద రాయించాడు. ఎందుకని నేను అడగలేదు. అది పెద్దదయ్యాక రేడియోలో పాడింది, పట్నాల్లో పాడింది. ఎక్కడ దాని గొంతు వినపడినా నేను లేచి వెళ్ళి పొయ్యి మీద ఏదో ఒకటి కలిపేదాన్ని.

సరే, సన్మానానికి వెళ్ళాను. కొత్త రేకులు, కొత్త కుర్చీలు, వేదిక మాత్రం ఆ చెక్కలే. అది వచ్చింది. జుట్టంతా తెల్లబడింది, చేతికర్ర. నేను శాలువా కప్పాను. కప్పుతూ వంగి చెవిలో చెప్పేశాను, ఇక చచ్చేలోపు ఎప్పుడు చెబుతాను?

"ఆ రోజు కారం చల్లింది నేనే."

"తెలుసే" అంది, జనం వైపు దండం పెడుతూనే. "ఆ బస్తా మా కల్లం కాయే. వాసన నాకు తెలీదా? నాటకమయ్యాక, నన్ను భుజాలకెత్తుకునేలోపే కిందికి దూరి చూస్తే మూతి విప్పేసి ఉంది, గోడ పక్కన నీ చేతులేమో ఎర్రగా ఉన్నాయి. వెంటనే వెళ్ళి మీ నాన్నకి చెప్పా."

"నాన్నకా! ఏమన్నాడు?"

"తెలుసమ్మా అన్నాడు. దాని చేతులు మండుతూ ఉంటాయి, నేను ఇంటికి పోవాలి, నువ్వు మాత్రం ఎవరికీ చెప్పమాకు, పిల్ల నలుగుర్లో నవ్వులపాలవుద్ది, అన్నాడు. ఊరేగింపు మధ్యలోంచి వెళ్ళిపోయాడు."

శాలువా జారుతుంటే మళ్ళీ సర్దాను. అది నా చెయ్యి పట్టుకుని వదల్లేదు.

"మా నాన్నకి అయిదుగురం ఆడపిల్లలం. నన్ను పిలవాలంటే ముందు ముగ్గురి పేర్లు పిలిచేవాడు. నేను చేతులు మండి ఏడిస్తే, కల్లంలో పనిచేసేదానికి మండకేం చేస్తదనేవాడు. ఆ రోజు నన్ను భుజాల మీద ఊరంతా తిప్పారా, నేనేమో మీ ఇంటి వైపే చూస్తన్నా. ఇంటికెళ్ళి ముసుగు తన్ని ఏడ్చాను. నీ మీద కుళ్ళుతో."

"నా మీదా?"

"నీ మీద కాక ఇంకెవరి మీద?"

ఫోటో తీసే కుర్రాడు, "అమ్మా, ఇద్దరూ ఇటు చూడండి" అన్నాడు. చూశాం.

నిన్న ఆ ఫోటో వచ్చింది. అందులో అది దిగులుగా ఉంది, నేను కట్టుడుపళ్ళన్నీ కనపడేలా నవ్వుతున్నాను. "సన్మానం ఆవిడకి, సంబరం మీకా అత్తయ్యా?" అని నవ్వింది మా కోడలు. ఏం లేదులే అన్నాను. కోడలు అటు వెళ్ళాక, ఫ్రిజ్‌లోంచి వెన్నగిన్నె తీసి రెండు అరచేతులకీ రాసుకున్నాను. వేళ్ళ సందుల్లో కూడా. మంటేమీ లేదు, ఊరికే.